ఖో అనని కెప్టెన్

లింగాల సాంసన్ పరుగు సంగతి చెబితే మీరు నమ్మరు. చిన్నప్పుడు వాడు మేకల వెంట ఉరుకుతుంటే నల్లమల లేళ్లు సిగ్గుపడి దారి తప్పుకునేవట. అబద్ధమైతే వెళ్లి లేళ్లనే అడగండి. అంతటి పరుగుగాడు నాగర్‌కర్నూల్ కాలేజీ గ్రౌండులో రోజూ కదలకుండా కూర్చుంటున్నాడు. కారణం మానస.

దసరా సెలవులు. హాస్టల్ ఖాళీ. సాంసన్ అమ్మానాన్నలు బొంబాయిలో బిల్డింగు పనికి పోయారు, లింగాలలో ఇంటికి తాళం. వాడు గోడలతో మాట్లాడీ మాట్లాడీ, చివరికి గోడలకే విసుగొచ్చింది. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం, "దోస్తులతోని మస్తుగున్ననే" అనేవాడు.

అమ్మాయిల ఖోఖో ప్రాక్టీసులో ఒకరు తక్కువయ్యారు. పీడీ భాస్కర్ సార్ కిటికీలో సాంసన్‌ను చూసి కేకేశాడు.

"అరేయ్, తిని పండుడేనా? వచ్చి వరుసల కూసో!"

మొదటి రోజు ఎవరో ఖో ఇచ్చారు. సాంసన్ లేచాడు. సార్ చాయ్ చల్లారేలోపు ఎదుటివాళ్లంతా ఔట్. ఆట ముగిసింది, అమ్మాయిలు ఇళ్లకు పోయారు.

మర్నాటి నుంచి ఎవరూ వాడి వీపు తట్టలేదు. వెనక నుంచి తట్టి ఖో అనందే కూర్చున్నవాడు లేవరాదు కదా. కెప్టెన్ మానస జడ ఎగరేసుకుంటూ వచ్చేది, గాలి తగిలేంత దగ్గరగా వాణ్ని దాటేది, పక్కమ్మాయిని తట్టేది. ఆ అడుగులు దగ్గరైనప్పుడల్లా సాంసన్ వీపు చెవులు రిక్కించేది.

"మానసా! గుర్రమసొంటి పిలగాన్ని కూసోవెట్టి మేకపిల్లలను లేపుతవేంది?" అని సార్ అరిచేవాడు.

"మేకపిల్ల ఎవరు సార్?" పక్కమ్మాయికి కోపం.

మానస నవ్వేది. ఆ నవ్వు సాంసన్‌కు తుమ్మముల్లులా దిగేది. ఆమె రైతు హన్మంతు బిడ్డ. తాను కూలి ఆశీర్వాదం కొడుకు. ముట్టుకోవడం ఇష్టం లేదేమో!

ఒక సాయంత్రం వాన వచ్చి ఆట ఆగింది. రేకుల షెడ్డు కింద మానసను అడిగేశాడు.

"ఒక్క మాట అడుగుత. కోపం జేయకు."

"జేస్త. ఐనా అడుగు."

"నా వీపు ముట్టనీకి నీకు మనసొస్తలేదా? మాది ఆ వాడ అనేనా?"

మానస నవ్వు ఆరిపోయింది. వాడి చేతిలోని సగం తాగిన నీళ్ల సీసా లాక్కుంది. చెంబు ఎత్తిపోసుకుని తాగే ఇంటి పిల్ల, సీసా నోటికి ఆనించి ఆ ఎంగిలి నీళ్లు గటగటా తాగేసింది.

"సమజైందా?"

"మరెందుకు?"

"నువ్వు లేస్తే ఆట ఎంతసేపుంటది?"

"జరసేపు."

"ఐపోతే నేను ఇంటికి పోత. ఇంట్ల అమ్మ, నాయిన, తమ్ముడు, రెండు బర్రెలు. నువ్వెటు పోతవ్?"

సాంసన్ హాస్టల్ కిటికీల వైపు చూశాడు.

"మొదటి రోజు గేటు దాటి మర్లి చూసిన. ఒక్కనివి మెట్ల మీద కూసున్నవ్. లైటు గూడ ఏస్కోలే. ఇంటికి పోయినా గదే కండ్ల ముంగట. అందుకే అందరికి చెప్పిన, వానికి ఖో ఇయ్యకుండ్రి, ఆట సాగదియ్యాలె అని."

"వాళ్లేమన్నరు?"

"నవ్విండ్రు. నేను గూడ నవ్విన. అందరి ముంగట ఏడ్చుడెట్ల?"

రేకుల మీద వాన డప్పు కొడుతోంది. సాంసన్ దగ్గరికి జరిగి అన్నాడు.

"సెలవులైపోతే హాస్టల్ నిండుతది. ఐనా నాకు నువ్వు గావాలె, మానసా."

మానస జడ కొస పిండింది. ఆ నీళ్లకు ఒక వరిమడి పారేదే! తల ఎత్తకుండానే అంది:

"నాకు గూడ. మా నాయినతోని తర్వాత జూద్దం."

వాన వెలిసింది. సార్ విజిల్ ఊదాడు.

"దా, ఇంకా వెలుగుంది," అంది మానస.

"ఖో ఇస్తవా?"

"ఇయ్యనే ఇయ్య."

సాంసన్ అందరికంటే ముందు ఉరికిపోయి, తడి మట్టిలో తన గడిలో కూర్చున్నాడు.