తలలు తిరిగిన వైపు

ప్రయోగశాలలో అందరూ ఆమెని ఈగలమ్మ అనేవాళ్ళు. మాగిన పళ్ళ మీద ముసిరే చిన్న ఈగల్ని సీసాల్లో పెంచి, వాటి గుడ్లలో తల ఎటు, తోక ఎటు అన్నది ఎలా తేలుతుందో చూడటం ఆమె పని. నాలుగు నెలల పాపని అత్తగారికి అప్పగించి, ఆ వారమే మళ్ళీ పనిలో చేరింది.

"పాపాయికి మెడ నిలిచిందా అమ్మాయ్?" అడిగాడు బాబాయ్. ఈగలకి మేత వండే పెద్దాయన ఆయన.

"నిలిచింది బాబాయ్. ఎవరెటు నడిస్తే అటే తల తిప్పుతోంది."

"మంచిది. నా వంటకి ఇంట్లో అందరూ వంకలు పెట్టేవాళ్ళే. ఈగలే నయం, నోరెత్తవు" అని నవ్వుకుంటూ గిన్నె కలుపుకోడానికి వెళ్ళిపోయాడు.

ఆమె సూక్ష్మదర్శిని గదిలోకి వెళ్ళి నల్లతెర లాగేసింది. బయట మిట్టమధ్యాహ్నం. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పులిసిన బెల్లం వాసన. యంత్రం సన్నటి రొద. కంప్యూటర్ తెర మీద రెండు వరుసల ఈగ పిండాలు, బియ్యపు నూకల్లా. నిన్ననే మందులో వేసి చంపి, మెరిసే రంగు పట్టించి, గాజుపలక మీద జిగురుతో అంటించింది.

తల్లి ఈగ గుడ్డు పెట్టకముందే దాని ఒక కొసన ఒక జన్యువు పంపిన కబురు వదిలిపెడుతుంది. అది ఆ కొసన చిక్కగా ఉండి, పోనుపోను పలచనవుతుంది. చిక్కగా ఉన్నచోట తల. పలచబడ్డచోట నడుము. అసలు లేనిచోట తోక. తల్లిలో ఆ జన్యువు చెడితే పిల్లకి తలే ఉండదు, రెండు కొసలా తోకే. పై వరుసలో మంచి తల్లుల పిల్లలు, తలలు వెలుగుతూ. కింది వరుసలో తల లేనివి. పై వరుసలో తలలన్నీ ఎడమవైపుకి ఉండేలా పేర్చింది.

కాగితం మీద ఏదో గీసుకుని తలెత్తింది. పై వరుసలో ఒక్కటీ ఎడమవైపుకి లేదు. తలలన్నీ గుమ్మం వైపుకి తిరిగి ఉన్నాయి.

జిగురు ఆరలేదేమో అనుకుని, సన్నటి కుంచెతో ఒకదాన్ని కదపబోయింది. రాయిలా అంటుకుపోయి ఉంది.

చూస్తుండగానే... తలలు కదిలాయి. అన్నీ కలిసి, మెల్లగా... గుమ్మం నుంచి బీరువా వైపుకి. ఎవరో నడుస్తుంటే చూస్తున్నట్టు.

"బాబాయ్..." మళ్ళీ పిలిచింది. "బాబాయ్, ఒకసారి ఇలా రండి."

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బతికున్నాయా అవి?"

"లేదు. నిన్ననే చచ్చాయి."

తలలు బీరువా దాటాయి. మూల దాటాయి. కింది వరుస మాత్రం కదల్లేదు. చూడటానికి వాటికి తలే లేదు.

విరిగిన పాల వాసన వచ్చింది. ముందు తన జాకెట్టేమో అనుకుని తడిమి చూసుకుంది. పొడిగానే ఉంది.

తలలు ఆగాయి. సూటిగా... వాళ్ళిద్దరి వైపుకి.

బాబాయ్ రెండడుగులు పక్కకి జరిగాడు. తలలు ఆయన వెంట వెళ్ళలేదు. ఆమె కుర్చీ జరిపింది. తలలు జరిగాయి.

"నా వెనకాల ఏమన్నా ఉందా బాబాయ్?" గుసగుసగా అడిగింది.

"ఏం లేదమ్మా... ఏమీ లేదు." ఆయన ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "లేచి రా. తిరిగి చూడకు. వచ్చెయ్."

దీపం వేస్తే గది మామూలుగానే ఉంది. బాబాయ్ ఆ పలకని పటపటా విరిచి చెత్త సీసాలో పడేశాడు.

ఇంట్లో భర్తకి చెప్పింది. నవ్వుతాడనుకుంది గానీ నవ్వలేదు. "పనిలో చేరిన వారానికే ఒళ్ళు హూనం చేసుకున్నావు. పాపని నేను చూసుకుంటాలే, నువ్వు పడుకో" అని పాపని పక్కలో వేసుకుని, కింద చాప మీద పడుకున్నాడు. అత్తగారు గోడవారన మడత మంచం మీద. ఆమె ఒక్కతే పెద్ద మంచం మీద, పాప ఊపిరి వింటూ నిద్రపోయింది.

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు. లేవబోయి... ఆగిపోయింది.

భర్త కాళ్ళు దిండు మీద ఉన్నాయి. తల మంచం వైపుకి. అత్తగారు మడత మంచానికి అడ్డంగా పడుకుని ఉంది, తల అంచు మీంచి వేలాడుతూ, ఇటువైపుకే. ఇంకా బోర్లా పడటమైనా రాని పాప చాప మీద పూర్తిగా తిరిగిపోయింది.

ముగ్గురూ గాఢనిద్రలో ఉన్నారు. ముగ్గురి తలలూ ఇటే.

తన వైపుకేనా? కాదు. జానెడు పక్కకి. మంచం మీద ఖాళీగా ఉన్న రెండో దిండు వైపుకి.

కళ్ళు మాత్రం తిప్పి చూసింది. దిండు నడిమధ్య గుంటపడి ఉంది, బరువుగా తల ఆనించినట్టు.

ఆ గుంట... మెల్లగా... ఆమె వైపుకి ఒత్తిగిలింది.