నాలుగో దీపం

అమ్మ రాత్రి డ్యూటీ నర్సు. అందుకే మా ఇంట్లో పగలే చీకటి. ఆమె వచ్చి పడుకోగానే కిటికీలకి నల్ల తెరలు దించేస్తాను, కాలింగ్ బెల్ వైరు పీకేస్తాను. పక్కగదిలో టేబుల్ ల్యాంపు వెలుగులో నా పని నేను చేసుకుంటాను. మధ్య తలుపు మాత్రం ఓరగా ఉంచుతాను. ఆమె ఊపిరి వినబడుతుంటే నాకో ధైర్యం.

సంగీతం వాళ్ళు కొత్త శబ్దాలు పుట్టించడానికి వాడే మాడ్యులర్ సింథసైజర్లు బాగుచేయడం నా పని. పెట్టె నిండా బిగించిన మాడ్యూళ్ళు, వాటి మధ్య చిక్కుపడ్డ జడలా తీగలు. నాకెవరూ నేర్పలేదు. వేళ్ళు కాల్చుకుని నేర్చుకున్నాను. విడిభాగాలు అమ్మే సోల్డరన్న ఒక్కడే మొదట్లో ఒక ముక్క చెప్పాడు. "ఇంజినీరమ్మా, ఏది చేతికొచ్చినా ముందు తీగలన్నీ పీకి ఒంటిగా చూడు. లేకపోతే తెచ్చినవాళ్ళు చేసిన చిక్కుని నువ్వు రోగం అనుకుంటావ్." ఆయనా అంతే చేస్తాడు. ఈమధ్యే ఆయనకి పాప పుట్టింది. అప్పట్నుంచీ ఫోన్లో గుసగుసగానే మాట్లాడతాడు.

ఆ రోజు వాన. మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో, నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. చంటిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులతో ఒక మాడ్యూల్ పట్టుకుని ఉంది. దానికి బ్యాటరీ కట్టి, ఆన్‌లోనే తెచ్చింది.

"నాలుగోది ఆగట్లేదు," అంది.

అది ఫంక్షన్ జనరేటర్. నాలుగు చానెళ్ళు. అది శబ్దం చెయ్యదు. శబ్దం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో చెబుతుంది, అంతే. ఒక్కో చానెల్‌కి రెండు మరలు: ఎంతసేపట్లో ఎక్కాలో ఒకటి, ఎంతసేపట్లో దిగాలో ఒకటి. పక్కన వేగం మార్చే మీట, పైన చిన్న దీపం. మూడు దీపాలు ఆరి ఉన్నాయి. నాలుగోది మెల్లగా వెలిగి, మెల్లగా ఆరుతోంది. ఆ చానెల్ అవుట్‌పుట్ నుంచి దాని ఇన్‌పుట్‌లోకే ఒక పొట్టి ఎర్రతీగ పెట్టి ఉంది.

"ఈ తీగెందుకు పెట్టారక్కా?"

"మీకెలా తోస్తే అలా చెయ్యండి." ఆమె గుమ్మం దగ్గర చెప్పుల వైపు చూస్తోంది. "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"అమ్మ. పడుకుంది. నైట్ డ్యూటీ కదా."

ఆమె తలూపింది. ఎందుకో నా చెయ్యి గట్టిగా నొక్కింది. గొడుగు మర్చిపోయి వానలోనే వెళ్ళిపోయింది.

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. కాళ్ళలో చక్రాలున్నాయంటుంది అమ్మ. ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, ఎర్రతీగ పీకేశాను.

నాలుగో దీపం ఒక్కసారి తడబడింది. చీకట్లో గడప వెతుక్కునే కాలులాగ. తర్వాత మళ్ళీ వెలగసాగింది. ఈసారి ఇంకాస్త నిదానంగా.

ఇన్‌పుట్ ఖాళీ. అయినా దేన్నో అనుసరిస్తోంది. కూడబెట్టుకున్న విద్యుత్తు దిగేదాకా అంతే అనుకుని, మామూలు పరీక్షకి దిగాను. మీట 'నిదానం' వైపు నెట్టాలి. అప్పుడు వెలుగు దిగడానికి చాలాసేపు పడుతుంది. ఈలోపు నేను టీ పెట్టుకుంటాను. ప్రతిసారీ ఇంతే.

దీపం పూర్తిగా వెలిగాక మీట నెట్టాను. వంటింట్లోకి వెళ్ళాను.

పాలు పొంగాయి. పొయ్యి ఆపాను. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడ్డాను... ఏదో తక్కువైంది. ఫ్రిజ్ చప్పుడుంది. వాన చప్పుడుంది.

అమ్మ ఊపిరి లేదు.

గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ఛాతీ పైకి లేచి ఉంది. నిండా గాలి పీల్చుకున్న ఛాతీ, అలాగే, బిగిసి. పెదాలు నల్లబడుతున్నాయి. గదిలో డెట్టాల్ వాసన. దాని కింద ఇంకేదో, కాలిన తీగ వాసన.

"అమ్మా... అమ్మా!"

భుజాలు పట్టి ఊపాను. దిండు మీద తల అటూ ఇటూ కదిలిందే గాని కళ్ళు తెరుచుకోలేదు.

ఓరగా ఉన్న తలుపులోంచి నా బల్ల కనబడుతోంది. నాలుగో దీపం నిండుగా వెలుగుతోంది. దిగట్లేదు.

ఎలా తట్టిందో చెప్పలేను. పరిగెత్తి మీట వెనక్కి లాగాను.

దీపం దిగింది. పక్కగదిలో "హా..." అని పొడుగాటి నిట్టూర్పు.

దీపం మీంచి కళ్ళు తీయకుండా చెవులు అటు పెట్టాను. దీపం ఎక్కింది. అమ్మ ఊపిరి తీసింది. దీపం దిగింది. అమ్మ వదిలింది. నమ్మబుద్ధి కాక మర వెంట్రుకవాసి తిప్పి చూశాను. అమ్మ దగ్గింది. మళ్ళీ ముట్టుకోలేదు.

అమ్మని లేపాలని చూశాను. నీళ్ళు చల్లాను. చెంప మీద కొట్టాను కూడా. లేవలేదు. ఎర్రతీగ మునుపటిలాగే పెట్టాను. ఏమీ మారలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే అమ్మ స్నేహితురాళ్ళే చుట్టూ చేరతారు, వాళ్ళకి తెలిసిన మిషన్లన్నీ పెడతారు. ఈ మిషన్ సంగతి ఎవరికని చెప్పను?

ఒకరికే చెప్పగలను. మాడ్యూల్ తెచ్చినామె ఇచ్చి వెళ్ళిన నంబరుకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"తీగ తీశావు కదూ," అంది. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

"మా అమ్మ లేవట్లేదు."

"మా నాన్న లేచాడు." ఆమె ముక్కు ఎగబీల్చింది. "ఇప్పుడే. రెండేళ్ళయింది తల్లీ... రెండేళ్ళ నిద్ర. లేచి మంచినీళ్ళు అడిగాడు. నా చేత్తో తాగించాను."

"మీకు తెలిసే ఇచ్చారు."

"మాకూ ఎవరో తెలిసే ఇచ్చారు."

వెనక నుంచి ముసలాయన గొంతు వినబడింది. "ఎవరమ్మా ఫోన్లో?"

"ఎవరూ కాదు నాన్నా, రాంగ్ నంబర్," అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి, గబగబా చెప్పింది. "ఆఫ్ చెయ్యకు. బ్యాటరీ అయిపోనివ్వకు. తీగ మళ్ళీ పెట్టి ఇంకెవరికైనా ఇయ్యి. వాళ్ళ చేత్తో వాళ్ళే పీకాలి. ఆ ఇంట్లో ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండాలి. అంతే. నన్ను తిట్టుకో, శాపాలు పెట్టు. మళ్ళీ మాత్రం ఫోన్ చెయ్యకు."

ఫోన్ పెట్టేసింది.

బ్యాటరీ పక్కన ఇంకో బ్యాటరీ కలిపాను. గదిలో అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. కాలు కాలిన పిల్లిలా తిరిగాను. తీగ చూడగానే పీకేవాళ్ళు ఎవరు? ఇలాంటి వస్తువు పట్టుకెళ్తే అనుమానించకుండా తీసుకునేవాళ్ళు ఎవరు? నాకు తెలిసిన పేరు ఒక్కటే. ఆ పేరు మనసులోకి రాకూడదని ఇంకా గబగబా నడిచాను. సాయంత్రమైంది. అమ్మ డ్యూటీకి వెళ్ళే వేళ దాటిపోయింది. ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆమె పెదవుల చివర తడి ఆరిపోయి తెల్లగా పొక్కింది.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను. మళ్ళీ తీసుకున్నాను.

ఊరికే మాట్లాడదాం, ఏమీ అడగొద్దు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"ఏంటి ఇంజినీరమ్మా," సోల్డరన్న గుసగుసలాడాడు. "మళ్ళీ ఏం కాల్చావ్?"

"అన్నా..." అన్నాను.

"కాస్త మెల్లగా చెప్పు. పాప ఇప్పుడే పడుకుంది. భుజం మీదే ఉంది. విను... గురక కూడా పెడుతోంది, దొంగముండ." ఫోన్ పాప దగ్గరికి జరిపినట్టున్నాడు. బుల్లి ఊపిరి వినబడింది. గబగబా, పిట్టలాగ.

బల్ల వైపు చూశాను.

నాలుగో దీపం అమ్మతో పాటు ఎక్కుతోంది, దిగుతోంది. ఎర్రతీగ దాని చోట అది ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

దాని పక్కన, ఇంతసేపూ ఆరి ఉన్న మూడో దీపం... వెలిగింది. ఆరింది. వెలిగింది. చిన్నగా. గబగబా.

"హలో? ఉన్నావా?" అన్నాడు అన్న. "చెప్పమ్మా, ఏం కావాలి?"

నేనింకా ఏమీ అడగలేదు.