ఉమ్మి పరీక్ష

మా బావని అందరూ పంచరు బావ అనేవారు. నిజానికి ఆయన బావ నాకొక్కడికే, మా అక్క మొగుడు గనక. కానీ కొట్టుకి వచ్చే ప్రతివాడూ అలాగే పిలిచేవాడు, ఆయనా పలికేవాడు. ముప్పై ఏళ్ళు సైకిల్ ట్యూబులకి మాసికలు వేసి, సైకిళ్ళు తగ్గిపోయాక అదే కొట్లో బ్యాటరీలు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. అసిస్టెంటుని, మేనేజర్ని, టీ తెచ్చేవాణ్ణి, అన్నీ నేనే.

ఏమైనా తింటూ చదువుతుంటే ప్లేటు పక్కన పెట్టండి. తరవాత నన్ననకండి.

లిథియం సెల్స్ కొన్ని గొట్టాల్లా ఉంటాయి, కొన్ని వెండిరంగు సంచుల్లా ఉంటాయి. మా దగ్గరికొచ్చేవి సంచులే. లోపల పొరలుపొరలుగా రేకులు, వాటి మధ్య ఉల్లిపొరకన్నా పల్చటి తెర, ఓ ఘాటు ద్రవం. ఆ తెర చిరిగి రేకూ రేకూ తగిలాయా, అంతే సంగతులు. వేడి, పొగ, మంట, ఆ సంచి నుంచి పక్క సంచికి. పాడైనదాంట్లో గ్యాసు చేరి ఉబ్బుతుంది. నొక్కితే నీళ్ళలో తేలిన శవం పొట్టలా మెత్తగా దిగుతుంది. వేలు తీశాక ఆ గుంట నెమ్మదిగా నిండుతుంది.

ఉబ్బినదాన్ని వాడకూడదు. కంపెనీవాళ్ళు కాగితం మీద అచ్చువేసి మరీ పంపుతారు. మా బావ ఆ కాగితం చదివి, మడిచి, స్క్రూలు పొట్లం కట్టుకున్నాడు.

"గాలెక్కింది, తీసేస్తే సరి. దీనికింత రాద్ధాంతమెందుకురా?" అనేవాడు.

అంచున సూదితో చిన్న బెజ్జం. బొటనవేలితో నొక్కి గ్యాసు వదిలించడం. పైన సైకిల్ ట్యూబుకి వేసే ఎర్ర రబ్బరు మాసిక. ఆ తరవాతే అసలు సంగతి. నాలుక చివరతో మాసిక చుట్టూ ఉమ్మి రాసేవాడు. బుడగ లేస్తే కారుతున్నట్టు, లేవకపోతే అతికినట్టు. వాసన ఎలాంటిదంటే, కుళ్ళిన పండు మీద గోళ్ళరంగు తుడిచే మందు పోసినట్టు. కొన్నాళ్ళకి ఆయన నాలుక చివర తెల్లబడి తొక్కలా లేవడం మొదలెట్టింది. దాన్ని పళ్ళతో కొరికి పక్కకి ఊసేవాడు.

"రుచి తెలీటం లేదురా. ఇక ఉప్పెక్కువైనా మీ అక్కని తిట్టే పనిలేదు" అని నవ్వేవాడు.

ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఒళ్ళంతా ఉబ్బి ప్రాణం వదిలాడు.

ఆయన చేసిన ఆఖరి బ్యాటరీ ప్యాకు మా అక్క కుర్చీ కింద ఉంది. మోకాళ్ళు పడిపోయిన అక్కకి ఆ మోటారు చక్రాల కుర్చీయే కాళ్ళు. ప్యాకులో పన్నెండు సంచులు, పన్నెండూ మాసికలవే. నాకు తెలుసు. అక్కకి తెలీదు. మంటంటుకుంటే లేచి పరిగెత్తే మనిషి కాదు. అయినా రెండు నెలలు నాకు నోరు రాలేదు.

ఓ మధ్యాహ్నం అక్కే అంది. "ఒరే, ఈ సీటు ఎత్తు పెరిగిందేమిటి? మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి."

వంగి చూశాను. అదే వాసన.

"అక్కా, ఈ ప్యాకు తీసేస్తాను. సీలున్న కొత్తది పెడతాను."

"ఆయన చేత్తో చేసింది. ముట్టుకోకు."

"ఉబ్బిందక్కా."

"ఆయనా ఉబ్బాడు. తీసి అవతల పారేశానా?"

ఇక దాచలేక సూది సంగతి, మాసికల సంగతి అన్నీ చెప్పేశాను. అక్క సీటు అంచు తడిమి చూసుకుంది.

"రెండు నెలల్నుంచీ నన్ను దానిమీదే కూర్చోబెట్టావా?" అంది. తరవాత నా మెడ పట్టుకుని మంచం మీదికి మారింది.

కొట్టుకీ ఇంటికీ నడుమ మా పనిగది. కిటికీ లేదు, ఒక్కటే బల్బు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చీకటే. ప్యాకు మూత విప్పగానే వెండి పొట్టలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేచాయి. జిగట నా గ్లవుజులకి అంటుకుని కఫంలా సాగింది. చెక్క పట్టకారుతో ఒక్కోదాన్నీ ఇసక డ్రమ్ములో పాతాను.

పదకొండు అయ్యాయి.

పన్నెండోదాని మాసిక తడిగా ఉంది.

జిగట కాదు. నురగతో, పల్చగా... ఉమ్మి. నా నోరు చూస్తే ఎండిపోయి ఉంది. చూస్తుండగానే మాసిక అంచున బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది...

వెనక ఎవరో నాలుక చప్పరించారు.

"కారుతోందిరా..."

తిరగలేదు. తిరగలేకపోయాను. చెవి మీద చల్లగా, తడిగా, నాలుక చివరంత మేర... ఏదో నెమ్మదిగా రాసుకుంది. కుళ్ళిన పండు వాసన.

సంచి డ్రమ్ములో పడేశాను. బుస్సుమని పొగ. ఎర్రటి మంట. బకెట్లకి బకెట్లు ఇసక పోసి, గదికి తాళం వేసి, వీధిలోకి వచ్చి కక్కుకున్నాను. చెవి సబ్బుతో తొమ్మిదిసార్లు కడిగాను.

సాయంత్రానికల్లా కొత్త ప్యాకు పెట్టాను. చల్లగా, చదునుగా, సీలు చెక్కుచెదరకుండా ఉంది. అక్క మోకాళ్ళు బల్ల కింద హాయిగా పట్టాయి. గండం గడిచిందనుకున్నాను.

నాలుగు రోజులకి అక్క కుడిపాదం వాచింది. చెప్పు పట్టలేదు. వేలితో నొక్కితే గుంట పడి, నెమ్మదిగా నిండింది.

"రేపు డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను.

పొద్దున్నే టీ తీసుకెళ్తే, కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. "అక్కర్లేదురా తమ్ముడూ, రాత్రికి రాత్రే వాపు దిగిపోయింది. చూడు, చెప్పు పట్టింది."

వంగి చెప్పు తీశాను. పాదం పల్చగా, ముడతలు పడి, గాలి తీసిన ట్యూబులా ఉంది. మాసికల డబ్బా పనిగదిలో ఉంది. ఆ గది తాళంచెవి ఆ రోజు నుంచీ నా మొలతాడుకే ఉంది.

చీలమండ పక్కన ఎర్ర రబ్బరు మాసిక. చుట్టూ తడి.

దాని అంచున ఒక బుడగ లేస్తోంది...