పురుగుల డ్రమ్ము

తెల్లవారింది, వీధి కుళాయి ఇంకా రాలేదు. జైతున్‌బీ ముఖమన్నా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్ళి డ్రమ్ము ముందు చతికిలబడింది. రెండేళ్ళుగా అదే వరస. మొగుడికి టీ పెట్టడమైనా, కోడల్ని పలకరించడమైనా దాని తర్వాతే. ముందు పురుగులు, తర్వాతే మనుషులు.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ముని నిలువునా కోయించి, నేలమీద పడుకోబెట్టి, లోపల్నుంచి అంచు దాకా ఒక చెక్క పలక ఏటవాలుగా ఆనించింది. ఇంట్లో మిగిలినవీ, కుళ్ళిన కూరగాయలూ, చేపల పొట్టూ అందులో వేస్తుంది. పురుగులు వాటిని తిని పెరుగుతాయి. తెల్లగా ఉన్నన్నాళ్ళూ తిండి వదిలి కదలవు. ముదిరి నల్లబడ్డాక మాత్రం పొడిచోటు వెతుక్కుంటూ తమంతట తామే పలక ఎక్కి, అవతల పెట్టిన తట్టలో రాలతాయి. ఆ తట్ట తీసుకెళ్ళి కోళ్ళ ముందు గుమ్మరించడమే ఆమె పని.

ఇదంతా ఆమెకి ఎవరూ నేర్పలేదు. పేడదిబ్బలో ఈ పురుగుల కోసం కోళ్ళు ఒకదాన్నొకటి పొడుచుకోవడం చూసింది. సన్నగా, నల్లగా ఉండే ఒక ఈగ అట్టముక్కల మడతల్లో గుడ్లు పెట్టిపోవడం కనిపెట్టింది. అంతే, అట్టముక్కలు తెచ్చి డ్రమ్ములో వేలాడదీసింది. ఓసారి అటుగా వచ్చిన పశువుల డాక్టరు చూసి, "ఇది ఇళ్ళల్లో తిరిగే ఈగ కాదమ్మా, అన్నం మీద వాలదు" అన్నాడు. ఆ ఒక్క ముక్కా పట్టుకుని ఆమె ఊళ్ళో ఎంతమందితో పోట్లాడిందో లెక్కలేదు. అయినా ఊరు ఊరే. పురుగుల జైతున్‌బీ అని పేరు పెట్టి ఊరుకుంది.

పెట్టనీ. ఆమె మొగుడు సుభానీ ఒకప్పుడు వింటితో దూదేకి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పరుపులు కుట్టినవాడు. ఫోం పరుపులొచ్చి ఆ పని పోయింది, ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్ము మాత్రం పోలేదు. ఇప్పుడు మంచం మీద కూర్చుని దగ్గడమే అతని పని. కొడుకు అక్బర్ మార్టూరులో రాళ్ళ పాలిషింగుకి వెళ్తాడు. వాడి జీతం తిండికి పోతే, సుభానీ మందులకి ఆదుకునేది ఈ ముప్ఫై నాటుకోళ్ళే. దాణా కొనే పని లేదు గనకే అవి నిలిచాయి.

వచ్చిన చిక్కల్లా కోడలితో. రిహానా పరాయిది కాదు, ఇంకొల్లులో ఉండే తమ్ముడు నాగూర్ వలి కూతురే. చంకనెత్తుకుని తిప్పిన మేనకోడలే. కానీ ఐదో నెల కడుపుతో ఉన్న పిల్లకి ఆ డ్రమ్ము వాసన తగిలితే చాలు, తిన్నది నిలవడం లేదు. నిన్న సాయంత్రం ఒక పురుగు దారి తప్పి వంటింటి గడప దాటింది. రిహానా చేతిలోని అన్నం కంచం అక్కడే పెట్టేసి పెరట్లోకి పరిగెత్తి కక్కుకుంది.

"ఇంత పత్తి మందు తెచ్చి ఆ డ్రమ్ములో పోస్తే పీడా పోద్ది!" అని ఏడుస్తూ అరిచింది కూడా.

ఆ మాట అత్త వింది. గోడ అవతల బట్టలు తీసుకుంటున్న పక్కింటి లాల్‌బీ కూడా వింది.

ఇవాళ చూస్తే తట్ట నిండి, కింద నేలమీద కూడా పురుగులు పొర్లుతున్నాయి. ఇంత పంట ఎన్నడూ లేదు. నల్లవే కాదు, తెల్లవి కూడా ఎగబడి బయటికొచ్చాయి. తెల్లవి ఎందుకొచ్చాయా అని ఒక్క క్షణం అనుమానం తగిలింది గానీ, సంతోషం ముందు అనుమానం ఎంతసేపు నిలబడుతుంది? చేటతో ఎత్తి మరీ కోళ్ళ ముందు పోసింది. "తినండి తల్లీ, కడుపారా తినండి" అంటూ వాటి మధ్యే కాసేపు నిలబడి మురిసిపోయింది.

టీ నీళ్ళు మరిగేలోపే పెరట్లో రెక్కల చప్పుడు వినపడింది. పరిగెత్తుకెళ్ళేసరికి ఎర్రపెట్ట మెడ వంకర తిప్పి గిలగిలా కొట్టుకుంటోంది. నోటెంట చొంగ. దాని పక్కన పుంజు. జైతున్‌బీ ఒకదాని నోట్లో నీళ్ళు పోస్తుంటే ఇంకొకటి పడిపోతోంది. ఎండ గోడ దిగేసరికి ఇరవై ఏడు కోళ్ళు నేలమీద ఉన్నాయి.

ఆమె డ్రమ్ము మీదికి వంగి వాసన చూసింది. పత్తి పండే ఊళ్ళో పుట్టిన ముక్కుకి అది పత్తి మందు వాసనని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"రిహానా!" అన్న కేకకి వీధంతా లేచి వచ్చింది.

రిహానా జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చి, కోళ్ళని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మందు పోశావటే! అన్నంత పనీ చేశావటే!"

"నేనా? నేను పొయ్యలేదత్తా! కోపంలో ఏదో అన్నాగానీ..."

"అన్నావు, చేశావు! నోరులేని కోళ్ళేం చేసినయ్యే నిన్ను? మీ మామ మందులు ఎట్టా వస్తన్నయ్యో నీకు తెలవదటే?"

"అల్లా తోడు, నేను డ్రమ్ము దగ్గరికే పోలేదత్తా. ఆ వాసనకే కక్కుకునేదాన్ని, దగ్గరికి పోయి మందెట్టా పోస్తా?"

మాటలో న్యాయం ఉంది. కానీ జైతున్‌బీ చేతిలో చచ్చిన కోడి ఉంది. ఆ నిమిషంలో ఆమె నోటివెంట వచ్చిన మాట ఆమె కూడా అనుకుని అన్నది కాదు.

"అయితే కడుపు మీద చెయ్యేసి చెప్పు. నీ కడుపులో బిడ్డ మీద ఒట్టేసి చెప్పు, పొయ్యలేదని."

గోడల మీంచి ఆడవాళ్ళందరూ తొంగి చూశారు. రిహానా చెయ్యి పొట్ట మీదికి పోలేదు. వెనక్కి పోయింది.

"వెయ్యను."

"ఎందుకు వెయ్యవు?"

"పుట్టని బిడ్డని నీ కోళ్ళ తగువులోకి లాగను. నేను పొయ్యలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే మానుకో."

"చూశారా, వెయ్యదంట!" అంది జైతున్‌బీ వీధి వైపు తిరిగి. "పొయ్యని మనిషికి భయమెందుకు?"

సరిగ్గా అప్పుడే రాత్రి డ్యూటీ దిగి అక్బర్ వచ్చాడు. తలంతా రాతి దుమ్ము. జరిగింది సగం విని, సగం కోళ్ళని చూసి, పెళ్ళాం వైపు తిరిగాడు.

"పొయ్యకపోతే ఒట్టేసి చెప్పొచ్చు గదా రిహానా. పోయేదేముంది?"

రిహానా మొగుణ్ణి అలాగే చూసింది. లోపలికెళ్ళి రెండు చీరలు సంచిలో కుక్కుకుని, మంచం మీద ఉన్న సుభానీ కాళ్ళకి దణ్ణం పెట్టి, బస్సు రోడ్డు వైపు నడిచిపోయింది. అక్బర్ నాలుగడుగులు వెనక వెళ్ళాడు. ఆమె తిరిగి చూడకపోయేసరికి ఆగిపోయి, వచ్చి గునపం తీసుకుని కోళ్ళకి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

సాయంత్రం యలమంద ఆ వీధిలోకి వచ్చాడు. ఊరి చివర రెండెకరాలు పత్తి, గట్టు వెంట నాలుగు వరసలు వంగ వేసుకున్న రైతు. ఇంటింటి ముందూ ఆగి గట్టిగా అడుగుతున్నాడు.

"అమ్మా, మా గట్టు మీద పోసిన వంకాయలు ఎవురన్నా తెచ్చుకున్నారా? తెచ్చుకుంటే తినబాకండి! పత్తికి కొట్టంగా ట్యాంకులో మిగిలిన మందు మా వాడు వంగ మీద కొట్టేశాడు. అందుకే కోసి పారబోశా. తీరా చూస్తే కుప్పలో సగం లేదు!"

జైతున్‌బీ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగిపోయింది.

"మీ ఇంటికేమన్నా వచ్చినయ్యా జైతున్‌బీ?"

"లేదన్నా" అంది ఆమె. "మా ఇంటికి రాలేదు."

యలమంద అవతలింటికి వెళ్ళిపోయాడు. లోపల సుభానీ దగ్గు ఆగింది. అతను గట్టిగా మాట్లాడి ఏడాది దాటింది. ఇప్పుడూ గట్టిగా మాట్లాడలేదు.

"నిన్న మాపున గోతాం నెత్తిన పెట్టుకుని దొడ్డిదారిన వచ్చావు. అందులో ఉన్నయ్యేంది?"

ఆమె తల తిప్పకుండా చేట మళ్ళీ ఆడించింది.

"కోళ్ళు చచ్చినయ్యి నువ్వు తెచ్చినదానికే గదా?"

"నాకు తెలవదయ్యా!" అంది జైతున్‌బీ చేట కింద పడేసి. "పారబోసినయ్యే గదా, అడిగేదేందని తెచ్చా. వాసన వచ్చింది. వచ్చిందిగానీ ఈ రోజుల్లో ఊరంతా అదే వాసన గదా, చేలో నుంచి వచ్చింది, చేను వాసనేలే అనుకున్నా."

"పొద్దున నీకు తెలవదు. నిజమే." సుభానీ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఇప్పుడు తెలిసే యలమందకి అబద్ధం చెప్పావు. ఆ పిల్ల నిజం చెప్పి ఇల్లు వదిలిపోయింది."

ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

మర్నాడు జైతున్‌బీ ఇంకొల్లు వెళ్ళింది. అక్క గడప తొక్కితే మంచం వాల్చే తమ్ముడు నాగూర్ వలి, ఈసారి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవురింటికో కూతుర్ని ఇచ్చా అనుకోలేదక్కా. మా అక్కకి ఇచ్చా అనుకున్నా. నువ్వు వీధిలో పెట్టి కడుపు మీద ఒట్టు అడిగావంట."

"తప్పయింది తమ్ముడూ. వంకాయలు తెచ్చింది నేనే. మందు వాటిలోదే. దాని తప్పు పిసరంత కూడా లేదు."

నాగూర్ వలి పక్కకి తొలిగాడు. లోపల రిహానా గోడకి ఆనుకుని కూర్చుంది. జైతున్‌బీ ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూలబడి చెప్పిందే మళ్ళీ చెప్పి ఏడ్చింది. రిహానా ఏడవలేదు.

"ఇక్కడ చెప్తే ఏం లాభం అత్తా? అన్నది ఇక్కడ కాదుగా. వీధిలో అన్నావు, వీధిలో చెప్పు. రేపు మొదటి బస్సుకి నాన్నా నేనూ వస్తాం. కుళాయి దగ్గర నిలబడి వింటా. ఇంట్లోకి వచ్చేదీ రానిదీ ఆ తర్వాత."

వీధి కుళాయి దగ్గర పొద్దున్నే ఎంతమంది ఉంటారో జైతున్‌బీకి తెలుసు. పురుగుల జైతున్‌బీ అని నవ్విన మొహాలన్నీ అక్కడే ఉంటాయి. దొంగతనంగా గోతాం మోసిందని, పైగా అబద్ధం చెప్పిందని యలమంద దాకా పోతుంది. తల ఎత్తి బతికిన మనిషికి అది చిన్న సంగతి కాదు. బస్సులో ఇంటిదాకా కొంగు నోట్లో కుక్కుకునే కూర్చుంది.

మర్నాడు కుళాయి దగ్గర బిందెల వరస నిలబడి ఉంది. రిహానా సంచి పట్టుకుని తండ్రి పక్కన నిలబడింది. అక్బర్ దగ్గరికి రాబోతే నాగూర్ వలి చేత్తోనే ఆపాడు.

"ఇనండమ్మా" అంది జైతున్‌బీ. "నా కోళ్ళని చంపింది నా కోడలు కాదు, నేనే. యలమంద గట్టు మీద వంకాయలు అడక్కుండా తెచ్చి డ్రమ్ములో వేశా. ఆయన అడిగితే లేదని బొంకా. అందరి ముందరా కోడల్ని దోషిని చేశా. దాని తప్పు ఏమీ లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. లాల్‌బీ, "ఆ ముక్క మొన్నే తెలుసుకోబళ్ళా" అంది. ఆలస్యంగా వచ్చిన ఇద్దరు ఏంటేంటని అడిగితే, జైతున్‌బీ వాళ్ళకి మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది.

"అయిపోయిందా అత్తా?" అంది రిహానా.

"అయిపోయిందమ్మా."

"ఒట్టు సంగతి చెప్పలేదు."

కుళాయి కింద బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ తియ్యలేదు.

"అక్బర్‌కి ముందు నాకో కడుపొచ్చింది" అంది జైతున్‌బీ. ఈసారి వీధికి కాదు, కోడలికే చెప్తోంది. "మా అత్త వెండి గొలుసు పోయిందని నా చేత కడుపు మీద ఒట్టేయించింది. నేను తియ్యలేదు. తియ్యలేదు గనకే ఒట్టేశా. నెల తిరక్కుండా బిడ్డ పోయింది. ఒట్టుకీ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా నా మనసు ఇనలా. ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ ఇనలా. కడుపుతో ఉన్నదాన్ని ఆ ఒట్టు అడిగితే లోపల ఎట్టా ఉంటదో ఈ వీధిలో నాకు తెలిసినంత ఎవురికీ తెలవదు. తెలిసే నిన్ను అడిగా."

ఇరవై ఏడు కోళ్ళు పోయిన రోజు కూడా అలా ఏడవని మనిషి, బిందెల మధ్య తడి నేలమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. సుభానీ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అక్బర్ తల ఎత్తలేకపోయాడు.

రిహానా సంచి తండ్రి చేతికిచ్చి అత్త ముందు మెల్లిగా కూర్చుంది. ఆమె మొహంలో కోపం ఇంకా పోలేదు.

"నన్నింకెప్పుడూ అట్టా అడగబాక."

"అడగను తల్లీ, అల్లా మీద ఒట్టు..." అంటూ జైతున్‌బీ చెయ్యి పైకెత్తబోయింది.

రిహానా ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఒట్టొద్దు. ఊరికే చెప్పు."

జైతున్‌బీ కోడలి మొహంలోకి చూసింది.

"అడగనమ్మా" అంది.