గుట్ట మీది గొంతు

జుబైల్ దాటి కొంచెం పైకి పోతే, సముద్రం ఒడ్డునే ఓ గుట్ట ఉంది. దాని మీద మొండిగోడలు. పదిహేను వందల ఏళ్ల కింద క్రైస్తవ సన్యాసులు కట్టుకున్న మఠమని ఇంజనీర్లు అనేవారు. కూలీలకు ఆ చరిత్రంతా ఎందుకు? వాళ్లకు తెలిసింది ఒక్కటే — అక్కడ జిన్ను ఉంది. ఆడ జిన్ను. పొద్దుగూకితే మాట్లాడుతుంది... ఏ భాషో ఎవరికీ అర్థం కాదు. పాకిస్తానీలు విన్నారు, బెంగాలీలు విన్నారు. విన్నవాడల్లా పరుగే.

హన్మాండ్లు జగిత్యాల వైపు మనిషి. పైపు ఫిట్టరు. రోజూ రెండు పూటలా కంపెనీ బస్సు ఆ గుట్ట పక్కనుంచే పోయేది. పేరుకు ఆరడుగుల మనిషి గానీ దెయ్యమంటే చచ్చేంత భయం. గుట్ట రాగానే కళ్లు మూసుకునేవాడు. ఆయన చెప్పగా విన్నదే ఇది.

తొంభై ఒకటి, ఎండాకాలం. యుద్ధం ఫిబ్రవరిలోనే అయిపోయింది. కువైట్‌లో నూనె బావులు మాత్రం మండుతూనే ఉన్నాయి. గాలి ఇటు తిరిగిన రోజు పట్టపగలే చీకటి పడేది.

హన్మాండ్లు జేబులో ఇంటి ఉత్తరం ఉంది. అతని చెల్లెలు గౌరవ్వ భర్త భూమేష్ ఈ ఎడారిలోనే ఎక్కడో గొర్రెలు కాసేవాడు. యుద్ధం మొదలయ్యాక జాడ లేదు. అతన్ని పనిలో పెట్టుకున్న కఫీలు ఇంటికి తాళం. బాంబు పడి గొర్రెలకాపరి ఒకడు పోయాడని ఎవరో అన్నారు. హన్మాండ్లు ఇద్దరు ముగ్గుర్ని అడిగి, బావ ఇక లేడని ఇంటికి రాసేశాడు.

దానికి వచ్చిన జవాబే జేబులోని ఉత్తరం. శవం లేకుండానే దినాలు చేశారు. గౌరవ్వ గాజులు పగలగొట్టారు. "పిల్ల ముద్ద ముడుతలేదు. బాయి దిక్కే చూస్తున్నది. మాకు భయమైతున్నది" అని తండ్రి రాయించాడు. రాసింది ఇరవై రోజుల కింద.

ఆ రోజు హన్మాండ్లు, పెషావరు డ్రైవరు అబ్దుల్ వహాబ్ పికప్‌లో క్యాంపుకు వస్తున్నారు. సరిగ్గా గుట్ట కిందే టైరు పంక్చరు! నాలుగన్నా కాలేదు, అర్ధరాత్రిలా ఉంది.

అటు చూడొద్దని వహాబ్ జాకీ పెడుతూ గొణిగాడు. "ఉధర్ మత్ దేఖో భాయ్..."

అప్పుడు వినిపించింది. సన్నగా... పైనుంచి... ఆడగొంతు.

"తిన్నవా?"

హన్మాండ్లు చేతిలో పానా జారిపడింది. తెలుగు!

"బర్రె ఈనింది... పెయ్యదూడ. మన పిల్లకు రెండు పండ్లు మొలిచినయ్... నువ్వు తిన్నవా?"

గౌరవ్వ గొంతు. పుట్టినప్పటి నుంచి విన్న గొంతు, పొరపాటే లేదు.

ఊళ్లో ఉండాల్సిన చెల్లె ఇక్కడెట్లా మాట్లాడుతుంది? ఉంటే కదా ఊళ్లో... బావి గుర్తొచ్చింది. ఇరవై రోజులు! నా ఉత్తరమే చెల్లెను చంపింది, మొగుణ్ని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చింది, అనుకున్నాడు హన్మాండ్లు.

వహాబ్ చొక్కా పట్టి లాగాడు. హన్మాండ్లు విదిలించుకుని గుట్ట ఎక్కాడు. భయం పోయి కాదు. కానీ చెల్లె పిలుస్తుంటే అన్న కింద ఎట్లా నిలబడతాడు?

కూలిన గోడలు. చిన్న చిన్న రాతి గదులు. ఒకదాంట్లో ఏదో కదిలింది.

మనిషి ఆకారం... ముఖం లేదు! ముఖం ఉండాల్సిన చోట రెండు గుండ్రటి అద్దాలు. కింద పందిమూతి లాంటి డొప్ప...

"చెల్లే..." అన్నాడు హన్మాండ్లు, ఏడుపు గొంతుతో.

టక్కుమని చప్పుడు. ఆడగొంతు ఆగిపోయింది.

"ఎవలూ... బావనా?"

ఆకారం ముఖం మీది తొడుగు లాగేసింది. యుద్ధంలో అందరికీ పంచిన గ్యాసు మాస్కు. దాని వెనక జడలు కట్టిన గడ్డం, గుంటలు పడ్డ కళ్లు — భూమేష్! ఒళ్లో టేపురికార్డరు. మూలన నాలుగు గొర్రెలు.

హన్మాండ్లు అతన్ని కావలించుకుని బావురుమన్నాడు.

"కఫీలు పిండి బస్తాలు, నీళ్ల ట్యాంకి ఇచ్చి పోయిండు బావా. నేనొచ్చేదాక కదలకు, బాంబులు పడుతయన్నడు" గుసగుసగా అన్నాడు భూమేష్. "లడాయి ఇంక ఎన్ని రోజులు? మొగులు సూడు, ఎంత నల్లగున్నదో. బండి చప్పుడైతే మిలిట్రీ అనుకొని దాక్కుంటున్న."

ఆరు నెలలు! రోజూ రెండు పూటలా హన్మాండ్లు కళ్లు మూసుకుని దాటిన గుట్ట మీద.

"సంక్రాంతి ముందట గౌరవ్వ పంపిన క్యాసెట్ ఇది. సెల్లులు అయిపోతయని పూటకింత ఇంట. తిన్నవా అని ఆమె అడిగినంకనే తింట" అని నవ్వాడు భూమేష్. "ఆమె మంచిగున్నదా బావా?"

హన్మాండ్లు చెయ్యి జేబులోని ఉత్తరం మీదికి పోయింది. అది రాసి ఇరవై రోజులు...

"నీ గురించి గూడ చెప్పింది, ఇను" అంటూ భూమేష్ మీట నొక్కాడు.

మొండిగోడల మధ్య మళ్లీ ఆ గొంతు పలికింది.

"మా అన్న ఆడనే ఉన్నడు గద. నిన్ను సూసుకుంటడు. నాకేం రంది లేదు."