రెండో చెంచా పంచదార

"ఏమన్నారు?"

ఆమె నన్ను అడిగిన మొదటి మాట అదే. పేరు అడగలేదు, ఎప్పట్నుంచి పనిచేస్తున్నావని అడగలేదు. వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ప్లేటు పట్టేంత కిటికీ ఒకటుంది. అందులోంచి ఒక తెల్ల టోపీ, దాని కింద రెండు పెద్ద కళ్ళు నన్ను నిలదీస్తున్నాయి.

"ఎవరు?" అన్నాను నాలుగు ప్లేట్లు మోస్తూ.

"మూడో టేబుల్ వాళ్ళు. నేను చేసిన మొదటి సూప్ అది. ఏమన్నారు?"

"సముద్రం నీళ్ళతో చేశారా అని అడిగారు," అన్నాను నవ్వుతూ.

అటు నుంచి నవ్వు రాలేదు. కళ్ళు కిందికి వాలిపోయాయి, టోపీ మాత్రమే కనిపించింది. ఆ పూట ఆమె రెండు సాస్‌లు మాడ్చింది, వేలు కాల్చుకుంది, ఎవరితోనూ మాట్లాడలేదు. నాకేమో హత్య చేసినట్టు అనిపించింది. నేను చేసిందల్లా నిజం చెప్పడమే, అయినా ఆ రోజు నాకు తిండి సయించలేదు.

మాది సరస్సు ఒడ్డున ఉన్న ఫ్రెంచ్ రెస్టారెంటు. బస్సు దిగి, బోటు ఎక్కేలోపు మా దగ్గర తినడం టూరిస్టుల ప్రోగ్రాంలో ఒక భాగం. మెనూలో పేర్లు పలకలేక వేలితో చూపిస్తారు. నాప్‌కిన్‌తో కళ్ళజోడు తుడుచుకుంటారు. మొన్నొక కొత్తజంట బ్రెడ్డూ వెన్నా తిని, భోజనం అంతేననుకుని లేచి వెళ్ళబోయారు. పట్టుకొచ్చి కూర్చోబెట్టాను.

మా ఓనర్ మేడమ్ పెట్టిన రూలు ఒకటుంది. వండేవాళ్ళు హాలులోకి రాకూడదు, వడ్డించేవాళ్ళు వంటగదిలోకి పోకూడదు. ఎంగిలి గిన్నెలు హాలు పక్క గదిలోనే కడిగేస్తారు. అంటే తను వండింది ఎవరు తిన్నారో, ఎవరు వదిలేశారో చెఫ్ కంటికి కనపడదు. తినేవాళ్ళ మాట ఆమెకు చేరాలంటే కిటికీ దగ్గర నేను చెప్పాల్సిందే. అందుకే నాకు 'పోస్ట్‌మాన్' అని పేరు పెట్టింది.

రెండో రోజు మళ్ళీ ఆ కళ్ళు. "పోస్ట్‌మాన్ గారూ, ఏమన్నారు?"

ఉల్లిపాయ సూప్. ఐదో టేబుల్ పెద్దాయన "పర్లేదు" అన్నాడు.

"అద్భుతం అన్నారు చెఫ్ గారూ!"

ఆ కళ్ళు వెలిగిన తీరు చూస్తే మీరైనా అదే పని చేసేవాళ్ళు. నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అబద్ధం నమ్మేలా ఉండాలని కాస్త అలంకారం చేశాను.

"ఇంకాస్త తియ్యగా ఉన్నా తాగుతామన్నారు."

మర్నాటి నుంచి ఆమె సూప్‌లో రంగు కోసం వేసే ఒక చెంచాకి తోడు రెండో చెంచా పంచదార వేయడం మొదలుపెట్టింది.

ఇక చూడండి నా అవస్థ. తాగినవాళ్ళు ముఖాలు చిట్లించడం, సగం వదిలేయడం, బోటుకి టైమైందని పరిగెడుతూ నా చెవిన ఒక మాట వేసి పోవడం. నేను కిటికీ దగ్గరికెళ్ళి "బ్రహ్మాండం అన్నారు" అనడం. ఇలా మూడు నెలలు. ఆ మూడు నెలల్లో నాకు ఆమె అంటే ఎంత పిచ్చి పట్టిందో చెప్పలేను. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఇవాళ నిజం చెప్పేస్తాను అనుకునేవాణ్ణి. కిటికీ దగ్గరికి రాగానే మళ్ళీ 'బ్రహ్మాండం' అనేవాణ్ణి.

ఒక శనివారం ఆమే నన్ను పిలిచింది. కళ్ళు ఎప్పటిలా లేవు.

"రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి నాన్న వస్తున్నారు. తినడానికి."

"మంచిదేగా!"

"ఏం మంచిది? ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రోజూ మూడు వందల మందికి వండే మనిషి. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంటే చాలు, పొయ్యి మీద ఎంతసేపు ఉందో చెప్పేస్తారు. నా వంట ఆయనకి నచ్చితే ఇక్కడుంటాను. నచ్చకపోతే సోమవారం ఆయనతో బస్సెక్కి క్యాంటీన్‌కి వెళ్ళిపోతాను. ఇక్కడ చేరేటప్పుడే ఇంట్లో అలా ఒప్పుకున్నాను."

"ఏం పెడుతున్నారు ఆయనకి?"

"ఇంకేముంటుంది? ఉల్లిపాయ సూప్. అందరూ మెచ్చుకుంటున్నది అదేగా, నువ్వే చెప్పావు."

ఏదో అనబోయాను. ఏడో టేబుల్ వాళ్ళు గంట కొట్టారు. వెళ్ళి వచ్చేసరికి ఆమె వెన్న తూస్తోంది. మళ్ళీ అనబోయాను. "ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తావేంటి?" అని నవ్వింది. నేనూ నవ్వేసి ప్లేట్లు అందుకున్నాను.

ఆదివారం పొద్దున్నుంచీ వాన. బోట్లన్నీ కట్టేశారు, సరస్సు మీద పొగమంచు తప్ప ఏమీ లేదు. పదకొండున్నరకి కిటికీలోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. ఆమె చేతిలో పంచదార డబ్బా కనిపించింది. ఒక చెంచా వేసింది. రెండోది నింపింది.

"ఆపండి!" అని అరిచాను. హాలులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు.

"ఏమైంది?"

"ఆ రెండో చెంచా ఎవరూ అడగలేదు. నేనే కల్పించాను. తీపి ఎక్కువైందని రోజూ అంటున్నారు. సగం మంది వదిలేస్తున్నారు. మూడు నెలలుగా నేను చెప్పినవన్నీ అబద్ధాలే."

ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె చెంచాలోని పంచదార తిరిగి డబ్బాలో పోసింది.

"నాక్కూడా తీపి ఎక్కువనిపించింది," అంది చాలా నెమ్మదిగా. "రోజూ రుచి చూస్తూ, నా నాలుకే తప్పేమో అనుకున్నాను. తినేవాళ్ళకి నచ్చుతోంటే నాదే పొరపాటు కాబోలనుకున్నాను. నా నాలుక మీద నాకే నమ్మకం పోయింది పోస్ట్‌మాన్! వంట చేసేదానికి అంతకంటే నష్టం ఏముంటుంది?"

తిట్టినా, గరిటె విసిరినా తట్టుకునేవాణ్ణి. ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయాను.

"లోపలికి రా," అంది.

"మేడమ్ రూలు..."

"రూలు సంగతి తర్వాత. కత్తి పట్టడం వచ్చా? అయితే కొయ్యి. ఇది పారబోసి మళ్ళీ మొదలుపెడుతున్నాను. కోస్తూ చెప్పు, ఎవరెవరు ఏమన్నారో ఒక్కటీ వదలకుండా."

ఆమెకు చెప్పలేదు గానీ, నేను ఒక్క మాటా మర్చిపోలేదు. ఉల్లిపాయలు కోస్తూ, కళ్ళు కారుతుంటే వరసగా అప్పజెప్పాను. ఒక కళ్ళజోడాయన పాయసంలా ఉందన్నాడు. టూరుకొచ్చిన టీచరమ్మ పైన వేసిన బ్రెడ్డు మెత్తబడిందంది. కొత్తజంటలో అబ్బాయి చీజ్ రబ్బరులా సాగుతోందన్నాడు. ఆమె ఒక్కొక్కదానికీ తల ఊపుతూ చేసే తీరు మార్చుకుంటూ పోయింది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

పన్నెండుంపావుకే ఆయన వచ్చేశారు. ముప్పావు గంట ముందు! మేడమ్ గొడుగు అందుకుని సరస్సు వైపు కిటికీ పక్క టేబుల్ చూపించింది. పొట్టి మనిషి, చేతుల మీద పాత కాలిన మచ్చలు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఉల్లిపాయలు ఇంకా రంగు తిరగనే లేదు.

హాలులోకి పరిగెత్తి బ్రెడ్డు పెట్టాను. తిన్నారు. మళ్ళీ పెట్టాను. అదీ తిన్నారు.

"ఏం బాబూ, కళ్ళెందుకు అలా ఎర్రబడ్డాయి?"

"ఉల్లిపాయలండీ."

"వడ్డించేవాడివి ఉల్లిపాయలు కోస్తావా?" ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "సరేగానీ, మా అమ్మాయి వంట జనం తింటున్నారా?"

వెనక్కి తిరిగి చూశాను. కిటికీలో టోపీ లేదు. ఒక్క అబద్ధం చెప్తే పని అయిపోతుంది. నాకు అలవాటైన విద్యే కదా.

"సగం మంది తింటున్నారండీ. సగం మంది వదిలేస్తున్నారు. కానీ తప్పు ఆవిడది కాదు, నాది," అని మొదలుపెట్టి, సముద్రం నీళ్ళ నుంచి రెండో చెంచా దాకా అంతా చెప్పేశాను. ఆయన బ్రెడ్డు నమలడం ఆపి విన్నారు. తర్వాత బయట వాన చూస్తూ కూర్చున్నారు.

ఆ అరగంట నేనెలా గడిపానో అడక్కండి. తుడిచిన టేబుల్నే తుడిచాను.

సూప్ వచ్చింది. ఆయన వాసన చూశారు. ఒక చెంచా, రెండు, మూడు. సగం గిన్నె అయ్యాక చెంచా కింద పెట్టేశారు.

"ఉప్పు రవ్వంత తక్కువ," అన్నారు. "వెళ్ళి చెప్పు."

వంటగది కిటికీకి పది అడుగులు. నా జీవితంలో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. ఆ కళ్ళు అక్కడే ఉన్నాయి. ఈసారి ఆమె ఏమీ అడగలేదు.

"సగం తాగి ఆగారు. ఉప్పు రవ్వంత తక్కువన్నారు."

ఆమె ముఖం చిన్నబోయింది. పెదవి కొరుక్కుంది. మొదటి రోజులాగే కళ్ళు వాలిపోయాయి. నేను కదల్లేదు. అవి మళ్ళీ లేచేదాకా అక్కడే నిలబడ్డాను. ఆమె చెంచాతో రుచి చూసుకుంది, కళ్ళు మూసుకుని ఒక క్షణం ఆగింది, ఉప్పు వేసి ఇంకో గిన్నె నా చేతికిచ్చింది.

"ఇప్పుడు సరిపోయింది," అంది. సరిపోయిందా అని నన్ను అడగలేదు.

ఆ గిన్నె ఆయన ఖాళీ చేసి, అడుగున బ్రెడ్డు ముక్కతో తుడిచారు. తర్వాత మేడమ్‌ని బతిమాలి కూతుర్ని హాలులోకి పిలిపించారు. ఆమె ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"రేపటి బస్సుకి రెండు టిక్కెట్లు తీసుకునే వచ్చానమ్మా," అన్నారు. "వంట గురించి కాదు నా బెంగ. నీ చేతిలో పనితనం ఉందని నాకు తెలుసు. నా వంటకి వంక పెట్టడానికి ఇంట్లో ముప్పై ఏళ్ళుగా మీ అమ్మ ఉంది. ఆవిడ లేకపోతే నేనేనాడో చెడిపోయేవాణ్ణి. ఇక్కడ నీకు ఎవరున్నారు చెప్పేవాళ్ళు?"

ఆమె నా వైపు చూసింది. నేను నిజం చెప్పినప్పట్నుంచి సూటిగా చూడడం అదే మొదటిసారి.

"ఉన్నాడు నాన్నా. మూడు నెలలు ఆలస్యంగా చెప్తాడు, అంతే."

ఆయన నా వైపు తిరిగారు. "అబద్ధాలెందుకు చెప్పావో అది మాత్రం నాకు చెప్పలేదు నువ్వు."

"ఆవిడ ముఖం చిన్నబోతే చూడలేకపోయానండీ."

"ఇందాక చూశావుగా?"

"చూశానండీ."

"ఎలా ఉంది?"

"ప్రాణం పోయినట్టుంది. అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు."

మేడమ్ గొడుగు మడుస్తున్నట్టు నటించింది. ఆయన జేబులోంచి ఒక టిక్కెట్టు తీసి టేబుల్ మీద పెట్టి, మడత విప్పి చూశారు.

"దీన్ని క్యాన్సిల్ చేయించాలి. ఎక్కడ చేయిస్తారో కనుక్కో బాబూ," అన్నారు. "అంతకంటే ముందు, మీరిద్దరూ లోపలికెళ్ళి మాట్లాడుకోండి. నాకు ఇంకో గిన్నె పట్టుకురండి, తొందరేం లేదు."

వంటగదిలో పొయ్యి పక్కన నిలబడ్డాం.

"ఇంకేమైనా దాచావా?" అంది ఆమె.

"ఒకటుంది. నువ్వంటే నాకు ఇష్టం. సముద్రం నీళ్ళ రోజు నుంచి."

"అంటే అన్ని అబద్ధాల కంటే అదే పాతదన్నమాట." కోపంగా అనబోయి నవ్వేసింది. "ఇంకా?"

"నువ్వు చేసే చేప కాస్త ఎండిపోతోంది."

ఆమె గరిటె ఎత్తింది. నేను వెనక్కి తగ్గలేదు. కాసేపటికి ఆ గరిటె కింద పెట్టి, ఉల్లిపాయ వాసన కొడుతున్న చెయ్యి నా చేతిలో పెట్టింది.

"చేప సంగతి రేపు వివరంగా చెప్పు," అంది. "భయపడకుండా చెప్పు. నేను తట్టుకుంటాను."

హాలులో వాళ్ళ నాన్న చెంచాతో గిన్నె మీద కొడుతున్నారు. ఇద్దరం కాసేపు వినపడనట్టే నిలబడ్డాం.