నూరో పాట

పల్లవి పూర్తికాగానే సువార్త చెవిగొట్టం తీసి బల్ల మీద పెట్టి, కెటిల్ మీట నొక్కింది. చరణాలు వాటి మానాన అవి ఖాళీ గదికి పాడుకుంటున్నాయి. నీళ్ళు మరిగేసరికి మొదటి చరణం, టీ రంగు దిగేసరికి రెండో చరణం అయిపోతాయి. కప్పు పట్టుకుని వచ్చి కూర్చునే వేళకి పాట ముగిసి తెర మీద పచ్చదీపం వెలుగుతుంది. వెలిగింది. ఆమె మెడకున్న కంఠిక మీద వేలుంచి, తొమ్మిదేళ్ళుగా చెబుతున్న మాటే చెప్పింది.

"మొదటినుంచి చివరిదాకా విన్నాను."

"నమోదైంది," అంది యంత్రం. ఆ ఏటి పాటల్లో అరవై ఏడో స్థానం ఎవరిదో తేలిపోయింది.

వినికరులందరూ చేసేదే ఇది. పాటల వరస తేల్చే పంక్తి భవనం మూడో అంతస్తులో ఎనిమిది గదులు, ఎనిమిది కెటిళ్ళు. ఏడాది పొడుగునా ఊళ్ళో ఎవరు ఏ పాట కూనిరాగం తీసినా వాళ్ళ మెడలోని కంఠిక లెక్కపెడుతుంది. రెండు పాటల లెక్కలు వెయ్యిలోపు తేడాతో దగ్గర పడితే మాత్రం మనిషి చెవి కావాలని నిబంధన. రెండూ పూర్తిగా విని, ఏది పైనో ఏది కిందో వినికరి చెప్పాలి. ఆ నిబంధన రాసినవాళ్ళెవరో గానీ, మనుషుల మీద వాళ్ళకి బోలెడు నమ్మకం ఉన్నట్టుంది.

డిసెంబరు ముప్పై ఒకటి. సాయంత్రం అయిదింటికి వత్సర పట్టిక మూసేస్తారు. అందులో వంద పాటలుంటాయి. నూట ఒకటో పాట దగ్గర్నుంచి ఇక ఏవీ ఉండవు. ఉండవంటే రికార్డుల్లోంచి తీసేయడం ఒక్కటే కాదు, మర్నాటినుంచి ఆ వరస గొంతులో మెదిలితే కంఠిక బిగుసుకుంటుంది. నొప్పేమీ ఉండదని కరపత్రాల్లో రాస్తారు. ఆ పొద్దున ట్రామ్ స్టాపులో ఒక పెద్దాయన పరధ్యానంలో ఏదో పాత రాగం ఎత్తుకుని, రెండో ముక్క దగ్గరే మెడ పట్టుకుని వంగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ట్రామ్ వేళల పలకని మహా శ్రద్ధగా చదివారు. సువార్త కూడా చదివింది. ఆ పాటని నూరో గీత కిందకి తోసింది తనేనేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ట్రామ్ రాగానే ఆ అనుమానాన్ని స్టాపులోనే వదిలేసి ఎక్కేసింది.

నాలుగున్నర దాటాక చివరి జోడీ తెర మీదికి వచ్చింది. నూరో స్థానానికి రెండు పాటలు పోటీపడుతున్నాయి. ఒకటి 'నియాన్ రాణి', వేసవిలో నెల్లాళ్ళు ప్రతి టీ కొట్టులోనూ హోరెత్తి తర్వాత చల్లారిన పాట. రెండోది 'ఒడ్డు కనబడేదాకా'.

అది ఏలియా పాట.

ఏలియా ఆమె తమ్ముడు. రేవు నుంచి లంకలకి పడవ నడిపేవాడు. మూడేళ్ళ కిందట మెదడులో నరం చిట్లి కుడిచెయ్యి పడిపోయింది, దాంతోపాటు మాటా పడిపోయింది. పాట మాత్రం మిగిలింది. మాటల వార్డులో డాక్టరమ్మ అతని గొంతులో చిన్నప్పటినుంచీ ఉన్న ఈ పడవ పాటని పట్టుకుంది. దాని పదాలు తీసేసి, ఆ చోట్లలో మనిషి అవసరాలు కూర్చింది. అది అతని నోటికి ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు ఏలియా ఆ వరసలోనే మంచినీళ్ళు అడుగుతాడు, దుప్పటి కప్పమంటాడు, ఇంజెక్షన్ చేసే నర్సుని తిడతాడు. ఆ వార్డులో ఉన్న మిగతా ఇరవై ఇద్దరికీ డాక్టరమ్మ అదే వరస నేర్పింది. ఊరంతా మరిచిపోతూ వచ్చిన పాటని ఇరవై మూడు గొంతులు పొద్దస్తమానం పాడి పాడి గీత దగ్గర నిలబెట్టాయి. పోయినేడు అది ఎనభైల్లో ఉందని సువార్త నిశ్చింతగా ఉండిపోయింది. డిసెంబరులో ఇలా వచ్చి తన బల్ల మీదే పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఈసారి ఆమె కెటిల్ ముట్టుకోలేదు. చెవిగొట్టం పెట్టుకుని రెండు పాటలూ చివరిదాకా విన్నది. తమ్ముడి పాటకి కళ్ళు తడుస్తాయని ముందే తెలుసు, తడిశాయి. తెలియనిది ఇంకోటి జరిగింది. 'నియాన్ రాణి' రెండో చరణంలో ఆ హోరంతా ఆగిపోయి, రాత్రి పాళీ ముగించుకుని ఇంటికొచ్చిన ఆడమనిషి ఒకతె చెప్పులు విడుస్తూ తనలో తాను పాడుకున్నట్టు నాలుగు పంక్తులున్నాయి. నెల్లాళ్ళు వీధుల్లో విన్నా ఆ పంక్తులు ఆమె చెవిన పడలేదు. పల్లవి దగ్గరే చెవి మూసుకోవడం అలవాటైపోయింది మరి. తొమ్మిదేళ్ళలో తను కిందకి తోసిన పాటల్లో ఇలాంటి చరణాలు ఎన్నుండేవో. సువార్తకి ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది.

అయినా తమ్ముడు తమ్ముడే. 'ఒడ్డు కనబడేదాకా' మీద వేలు నొక్కింది.

ఎర్రదీపం వెలిగింది. "వినికరి తమ్ముడు ఈ పాట పాడినవారిలో ఉన్నాడు. తీర్పు చెల్లదు. వ్యాప్తిని బట్టి నూరో స్థానం 'నియాన్ రాణి'ది. రెండు పాటలూ విన్నట్టు వినికరి ధ్రువీకరించాలి."

ఆ అంతస్తుకి అధికారి పద్మనాభం తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. మనిషి మెతక. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు, ఎవరి కోసమూ గట్టిగా నిలబడడు.

"ఏంటమ్మా, మీ గదిలో ఎర్రదీపం?"

"మా తమ్ముడి పాటండి."

ఆయన తెర చదివాడు. "వేరే వరస నేర్పించుకోవచ్చు కదండీ. డాక్టర్లున్నారు."

"ఇంకోటి ఎక్కదన్నారండి. ఇదొక్కటే వాడి నోట నిలిచింది. రేపు పొద్దున్న లేచి మంచినీళ్ళు అడగబోతాడు. మెడ బిగుసుకుంటుంది. ఎందుకో కూడా వాడికి అర్థం కాదు."

"అలాగని ఒక్కరి కోసం పట్టిక ఆగదు కదమ్మా."

"ఇరవై ముగ్గురండి."

"ఎంతమందైనా అంతే. విన్నానని చెప్పేసి ఇంటికెళ్ళిపోండి. అయిదవుతోంది."

సువార్త కుర్చీలోంచి లేవలేదు. "పైకి రాకముందు మీరూ ఈ గదిలోనే చేశారు కదండీ. ఎన్నేళ్ళు?"

"పదకొండేళ్ళు."

"ఎప్పుడైనా ఒక్క పాట చివరిదాకా విన్నారా?"

పద్మనాభం కెటిల్ వంక చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇలాంటివి పైకి అనకూడదు తల్లీ. అబద్ధపు సాక్షి గొంతు మూసేస్తారు. మళ్ళీ తెరవరు."

"తెలుసండి."

శిక్షణలో మొదటిరోజే చెబుతారు. ఒక్క ధ్రువీకరణ అబద్ధమని తేలినా ఆ ఏటి పట్టిక మొత్తం తిరిగి వినాలి. విని ముగించేదాకా ఆ పట్టిక పేరు మీద ఏ గొంతునీ బిగించకూడదు. ఈ నిబంధనని ఇంతవరకూ ఎవరూ వాడలేదు. తన గొంతు తనే కోసుకునేవాళ్ళు ఎవరుంటారని దాన్ని అలాగే ఉంచేశారు.

సువార్తకి భయం వేసింది. రోజూ సాయంత్రం అయిదింటికి వార్డు నుంచి ఫోను వస్తుంది. ఎప్పుడొస్తావని ఏలియా పాడతాడు, బయల్దేరుతున్నానురా అని తను చెబుతుంది. ఆ మాట ఇక చెప్పడం కుదరదు. వాడికి గొంతు ఉండాలంటే తనకి ఉండకూడదు. బేరం అదొక్కటే. పోనీలే అనుకుంది, ఇన్నేళ్ళూ ఈ గొంతుతో తను చేసిన ఘనకార్యం ఏముంది గనక.

కంఠిక మీద వేలుంచింది.

"వినలేదు."

యంత్రం తిరిగి అడిగింది. "మళ్ళీ చెప్పండి."

"ఈ రెండూ విన్నాను. వీటికి ముందు ఏదీ వినలేదు. తొమ్మిదేళ్ళుగా నేను ఏ పాటా చివరిదాకా వినలేదు. విన్నానని అబద్ధం చెప్పాను."

"అమ్మా," అన్నాడు పద్మనాభం.

"నమోదైంది," అంది యంత్రం, అరవై ఏడో స్థానానికి అన్నంత మామూలుగానే. "తొమ్మిది పట్టికలు నిలిపివేయబడ్డాయి. సాక్షి గొంతు మూయబడింది."

చల్లని వేళ్ళు మెడ చుట్టూ కలుసుకున్నట్టయింది. ఊపిరి ఆడుతోంది. శబ్దమే లేదు. పద్మనాభం తన కంఠికని పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఆయన పెదాలు కదిలాయి. రెండు ముక్కలు కూనిరాగం తీసి, బిగుసుకుంటుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బిగుసుకోలేదు. మూడో ముక్క తీశాడు. ఏ ఏటి పాటో, ఎవరు పాడుకున్నదో సువార్తకి తెలియదు. ఆయన మాత్రం భయపడుతూనే, ఆపలేక పాడుతున్నాడు.

కింద వీధిలో ట్రాములు ఆగిపోయాయి. ఆ ప్రకటన కంఠికల్లో విని జనం నిలబడి మెడలు తడుముకుంటున్నారు. ఒకరు ఎత్తుకున్నారు, ఇంకొకరు వేరేది ఎత్తుకున్నారు. తొమ్మిదేళ్ళ పాటలు, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. పండగ సందడి కాదది. గట్టు తెగే ముందు కాలవ చేసే మోతలా ఉంది. భవనం అడుగున ఇనప తలుపులు ఒక్కొక్కటే పడుతున్నాయి. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది.

సరిగ్గా అయిదింటికి ఫోను మోగింది.

"సువార్తగారూ, మీ తమ్ముడండి," అంది నర్సు రత్నకుమారి. తర్వాత ఆ పడవ పాట వరస వినిపించింది.

"అక్కా, ఎప్పుడొస్తావు..."

ఆమె నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

"అక్కా, ఎప్పుడొస్తావు..." ఈసారి ఆ వరసలో కంగారు కలిసింది. బూట్లు రెండో అంతస్తు దాటాయి. సువార్త ఫోనుని బల్ల మీద ఆనించి, మాట్లాడే చోట చూపుడు వేలి గోటితో కొట్టింది. తెడ్డు పడేచోట ఒకటి, లేచేచోట రెండు. ఆ పాట దరువు. చిన్నప్పుడు పడవ అంచు మీద ఇద్దరూ కూర్చుని అలాగే కొట్టేవాళ్ళు.

అవతల పాట ఆగింది. ఆమె ఆపకుండా కొడుతూనే ఉంది. వెనకాల తలుపు తెరుచుకుంది.

"విన్నానక్కా," అని ఆ వరసలోనే పాడాడు ఏలియా.